ఏసీ బంద్ చేసిన నాలుగు నిమిషాలు

షార్జా దాటినంక ఎడారిల ఉంటది సజా.
శిక్ష కాదు, జాగ పేరే అది.
సాయిలు మొదటి పాట అక్కడ్నే షురువైంది:
"అడ్రసడిగితె సజా అన్న
ఎన్నేండ్లు కొడుకా అన్నది అమ్మ."

రూము నూట పద్నాలుగు. ఎనిమిది మంచాలు.
సాయిలుది కిటికీ పక్క, మీదిది.
పొద్దంత లిఫ్టు గుంతల డ్రిల్లు పట్టిన చేతులు
రాత్రి పగిలిన ఫోను పట్టుకుంటయి.
దుప్పటి ముసుగే స్టూడియో.
ఏసీ మోత పాటల పడుతది గనక
శుక్రారం శుక్రారం నాలుగు నిమిషాలు బంద్ చేసేటందుకు
రూమంత ఒప్పుకున్నం.
జులైల నాలుగు నిమిషాలు!
ఎనిమిది బనీన్లు పిండితే ఒక్క పాట.
నాలిక తడబడితే మళ్ల వారమే.
అందుకే ఆయన పాటల
ఒక్క మాట ఎక్కువుండదు.

తాళమెక్కడిదని అడుగుతరు.
స్కాఫోల్డింగు పైపు మీద స్పానరు,
తలుపు మూసుకునే లిఫ్టు టింగుమనుడు,
సూపర్వైజరు తిట్టిన తిట్టును నడుమకు కోసి
ఎనిమిదిసార్లు తిప్పిండు.
ఇప్పుడా తిట్టు ఎవ్వరిని తాకది.
తాళం పడుతది, గంతే.

మొదటి ఆల్బం ఏడు పాటలు.
అట్ట మీద బొమ్మ బరిసాల్ షఫీకుల్ గీసిండు,
పార్కింగు గీతలు కొట్టంగ మిగిలిన పసుపుతోని.
మెమొరీ కార్డులల్ల ఎక్కించి
కుంజుమొయిదు కిరాణంల
రీచార్జి కార్డుల పక్కన పెట్టినం.
పదకొండు అమ్ముడువోయినయి, నాలుగు వాపసొచ్చినయి
"ఇండ్ల పాటేది? అన్ని మాటలే" అని.
సాయిలు నవ్విండు.
రెండో ఆల్బం ఆ మాటతోనే మొదలుబెట్టిండు.

నెట్టుల పెట్టినంక ఏడాదికి వచ్చింది తొమ్మిది దిర్హాములు.
అందరికి కరక్ చాయ్ తాగిచ్చిండు.
తక్కువవడ్డ మూడు నేనిచ్చిన.
అట్ల నేను గూడ ప్రొడ్యూసర్నే.

మూడో ఏడు ఆగస్టుల "గేటు పాసు" తీస్తున్నడు.
"సంతకం నాది, కాయితం ఎవ్వనిదో" అన్నంక
ఊపిరి దీసుకునే జాగొకటున్నది.
గా జాగల పోశెట్టి కాక దగ్గిండు.
ఇరువై ఏండ్ల సిమెంటు దగ్గు.
మళ్ల తీద్దామంటే వారం ఆగాలె.
ఆ వారంలనే కాక వీసా ఖతమైంది.
సూట్కేసుకు టేపు చుట్టిచ్చినం. పోయిండు.
ఇచ్చిపోయిన నంబరు కలుస్తలేదు.

ఒకనాడు పట్నంకెల్లి కంపిని ఫోను.
"మంచిగున్నది తమ్మీ. కోరస్ల ఇద్దరు పిల్లలను పెడ్దాం,
ఒంటెలు, డ్రోను షాట్లు. ఆ దగ్గు తీసేయ్."
సాయిలు చాలసేపు సప్పుడు జెయ్యలే.
బయట నీళ్ల ట్యాంకరు ఎనుకకొస్తున్నది, కూతవెట్టుకుంట.
"దగ్గు తీస్తే ఎనుకటి మాట
దేని మీద నిలవడుతది సార్?" అన్నడు.

ఫోను వెట్టినంక నాతోని మెల్లగ
"రెండు లక్షలన్నరు" అన్నడు.
రెండు దినాలు సరిగ్గ తినలే.
గొప్పగేం లేకుండె ఆ రెండు దినాలు.
నేనైతే తీసేయిమనే చెప్పిన.

ఆరేండ్లు. నాలుగు ఆల్బములు.
బాకి ఇంక తీరలే.
డ్రిల్లుకు కుడి మోచెయ్యి మొద్దువారింది,
మైకు ఎడమ చేతికి మారింది.

మొన్న శుక్రారం, టైర్ల దుకాండ్ల ఎనుక
పికప్ బండ్ల లైట్లల్ల
నూటయాభై మంది జమైన్రు.
తెలుగు రానోల్లే ఎక్కువ,
పేశావర్ డ్రైవర్లు, నేపాలీ గార్డులు.
"గేటు పాసు" ఎత్తుకున్నడు.
కాయితం ఎవ్వనిదో అని ఆగిండు,
మైకు కిందికి దించిండు.

గుంపు దగ్గింది.
అందరు, ఒక్కసారే,
పోశెట్టి కాక ఎవ్వలో తెల్వనోల్లు గూడ.

నేను ఒక్క తాళం ఆలిశంగ దగ్గిన.
సాయిలు నా దిక్కు సూసి, నవ్వాపుకొని,
ఎనుకటి మాట అందుకున్నడు.